ఒన్యెకా ఒన్వెనుకు రెండు కాలమ్‌లు ఇవ్వండి: తెలుగు సంపాదకులకు ఒక పాఠకుడి బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, న్యూస్ చానళ్ళ సంపాదకులకు, సిటీ డెస్క్, సినిమా డెస్క్ బాధ్యులకు నమస్కారం.

నేను లాగోస్‌లో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్ళు లెక్కలు చూసి, రిటైరయ్యాక హైదరాబాద్ చేరిన మనిషిని. అక్కడ ఉన్నన్నాళ్ళూ మీ పేపర్లు ఫోన్లో చదివాను. ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అందుకుంటున్నాను. మీ మీద గౌరవం ఉంది కాబట్టే ముందు మీకు విడిగా రాశాను. జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

జరిగింది ఇది. 2024 జూలై 30న నైజీరియా గాయని, నటి ఒన్యెకా ఒన్వెను లాగోస్‌లో చనిపోయారు. ఎవరిదో 80వ పుట్టినరోజు వేడుకలో పాడారు. పాట అయ్యాక కాసేపటికే కుప్పకూలిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళినా దక్కలేదు. ఆవిడకు 72 ఏళ్ళు. ఆ వారంలోనే నేను ఒక నివాళి వ్యాసం రాసి మూడు పత్రికలకూ ఒక చానల్‌కూ పంపాను. పది రోజులు చూసి ఫోన్ చేస్తే, ఒక డెస్క్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "ఎవరండీ ఆవిడ? మన రీడర్స్‌కి కనెక్ట్ అవ్వదు సార్" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టను. ఆ పేరు అతనికి ఎవరు చెప్పారు కనుక? 2025 జూలైలో వర్ధంతికి ముందు వ్యాసాన్ని కుదించి మళ్ళీ పంపాను. ఈసారి ఫోన్ కూడా ఎత్తలేదు. అదే వారం సిటీ పేజీలో మాత్రం 'నైజీరియన్' అన్న మాట పెద్ద అక్షరాల్లో కనబడింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఆవిడ ఎవరో నాలుగు మాటల్లో చెప్పాలంటే, మన భానుమతిగారిని తలుచుకోండి. పాడతారు, నటిస్తారు, రాస్తారు, ఎవరికీ జడవరు. దానికి తోడు ఈవిడ జర్నలిస్టు కూడా. అంటే మీ కులమే.

పుట్టింది 1952 జనవరి 31న, అనంబ్రా రాష్ట్రంలోని ఒబోసిలో. సొంతూరు ఇమో రాష్ట్రంలోని అరొండిజుఒగు. పెరిగింది పోర్ట్ హార్కోర్ట్‌లో. కుటుంబం ఇగ్బోలు, అంటే నైజీరియా ఆగ్నేయాన ఎక్కువగా ఉండే ఒక పెద్ద జాతివాళ్ళు. తండ్రి విద్యావేత్త, రాజకీయ నాయకుడు. ఈవిడకు నాలుగేళ్ళప్పుడు కారు ప్రమాదంలో పోయారు. భర్త ఆస్తిలోంచి అత్తింటివాళ్ళు ఏమీ ముట్టనివ్వకపోతే, ఐదుగురు పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచింది. ఈవిడే ఆఖరు పిల్ల. తల్లి కూడా పాడేది. ఈ కథ మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళల్లో వినలేదు చెప్పండి.

తర్వాత అమెరికాలో చదివారు. వెల్‌స్లీ కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు, కమ్యూనికేషన్ చదివి, న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో మీడియా స్టడీస్‌లో ఎం.ఏ. చేశారు. ఐక్యరాజ్యసమితి భవనంలో సందర్శకులకు గైడ్‌గా పనిచేశారు. 1980లో స్వదేశానికి తిరిగొచ్చారు. అక్కడ డిగ్రీ అయినవాళ్ళు ఒక ఏడాది దేశసేవ చెయ్యాలి. ఆ ఏడాది ఆవిడకు ప్రభుత్వ టీవీ ఎన్‌టీఏలో పడింది. వార్తలు చదివారు, రిపోర్టింగ్ చేశారు. 1981లో, టీవీ ఉద్యోగంలో ఉండగానే, మొదటి ఆల్బం తెచ్చారు.

1984లో బీబీసీ, ఎన్‌టీఏ కలిసి తీసిన ఒక డాక్యుమెంటరీకి ఆవిడే రాసి, ఆవిడే వ్యాఖ్యానం చెప్పారు. 'నైజీరియా: ఎ స్క్వాండరింగ్ ఆఫ్ రిచెస్' దాని పేరు. చమురు డబ్బు వరదలా వచ్చిన దేశంలో ఆ డబ్బు ఎటు పోయింది, చమురు తీసిన నైజర్ డెల్టా జనానికి ఏం మిగిలింది అన్నది విషయం. అప్పటికి దేశంలో మళ్ళీ సైనిక పాలన వచ్చి కొన్ని నెలలే అయింది. ఇవాళ మన దగ్గర పాటలు పాడే యాంకర్లు చాలామందే ఉన్నారు. దేశ ఖజానా ఎవరు తిన్నారని తెరమీద అడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టుకోవాలి. ఇది ఎత్తిపొడుపు కాదు, లెక్కలవాడి అలవాటు.

ఆవిడ పాటల గురించి చెప్పాలంటే నాకు మా డ్రైవరు గుర్తొస్తాడు. అతనూ ఇమో రాష్ట్రం వాడే. థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ కదలకపోతే గంటలు గడిచిపోయేవి. కింద సముద్రపు పాయ, పక్కన పసుపు రంగు డాన్‌ఫో బస్సుల హారన్లు. అతను 1986 నాటి 'వన్ లవ్' పెట్టేవాడు. మనల్ని కలిపి ఉంచేది ఒకే ప్రేమ అన్న పల్లవి. "ఓగా, ఈ పాట వస్తే మా ఇంట్లో కొట్లాట ఆగేది" అనేవాడు. ఓగా అంటే అక్కడ సార్ అన్నట్టు. నైజీరియా తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోబోతే 1967 నుంచి 1970 దాకా జరిగిన బయాఫ్రా యుద్ధంలో ఇగ్బోలు ఎంత పోగొట్టుకున్నారో తెలిసిన మనిషికి ఆ పల్లవి ఇంకోలా వినబడుతుంది. ఒన్వెనుగారు ఆ యుద్ధాన్ని చూసిన తరం మనిషి. ఇగ్బో గాయని నోటి వెంట వచ్చిన ఐక్యతా గీతాన్ని దేశమంతా పాడుకుంది. ఆ తర్వాత ఆవిడ భక్తిగీతాల వైపు కూడా వెళ్ళారు.

1989లో, అక్కడి ఇంకో పెద్ద జాతి యోరుబాల జూజూ సంగీతానికి చక్రవర్తి అయిన కింగ్ సన్నీ అడేతో కలిసి రెండు పాటలు పాడారు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ తోడ్పాటుతో, కుటుంబ నియంత్రణ కోసం చేసిన పాటలవి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, తొందరపడకుండా ఆగుదాం అనుకోవడం. మన దగ్గర అదే పనికి గోడ మీద ఎర్ర త్రికోణం వేసి ఊరుకున్నాం. విన్నీ మండేలా మీద కట్టిన పాటను, జైలు నుంచి విడుదలైన మండేలా 1990లో భార్యతో నైజీరియా వచ్చినప్పుడు వాళ్ళ ముందే పాడారు.

సినిమాలకు ఆలస్యంగా వచ్చారు. 2006లో నైజీరియాలో 872 సినిమాలు, మన దేశం మొత్తం మీద 1,091 సినిమాలు వచ్చాయని యునెస్కో లెక్క తీసింది. అప్పటికి సంఖ్యలో మన తర్వాత వాళ్ళే. మీ సినిమా పేజీలో అక్కడి నుంచి ఏడాదికి ఒక్క వార్త కూడా రాదు. 2013 నాటి 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' బయాఫ్రా యుద్ధం మీద తీసిన సినిమా. అందులో ఒన్వెనుగారు హీరో తల్లి. చదువుకున్న కోడల్ని చూసి ఒప్పుకోని పల్లెటూరి అత్త పాత్ర. మన సూర్యకాంతం ఎరిగినవాళ్ళకు ఆ పాత్రను పరిచయం చెయ్యక్కర్లేదు. 2014లో ఆ సినిమా విడుదలను నైజీరియా సెన్సార్ బోర్డు కొన్నాళ్ళు ఆపింది కూడా. 2018 నాటి 'లయన్‌హార్ట్' ఇవాళ మన ఇళ్ళల్లో నెట్‌ఫ్లిక్స్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. కథానాయిక జెనెవీవ్ నాజీ, దర్శకురాలూ ఆవిడే. ఆ అమ్మాయికి తల్లిగా ఒన్వెనుగారు వేశారు. ఆస్కార్‌కు నైజీరియా పంపిన మొదటి సినిమా అది. అది పంపింది ఇంగ్లిష్ కాని సినిమాల విభాగానికి. సంభాషణలు ఎక్కువ ఇంగ్లిష్‌లో ఉన్నాయని 2019లో పోటీ నుంచి తీసేశారు. ఇంగ్లిష్ ఆ దేశపు అధికార భాష. దాన్ని నెత్తిన పెట్టింది ఎవరో అందరికీ తెలుసు. అయినా ఆ భాషలో మాట్లాడినందుకు మళ్ళీ ఆ దేశానికే శిక్ష. ఇంతకన్నా మంచి హెడ్డింగు మీకు ఎక్కడ దొరుకుతుంది?

రాజకీయాల్లో ఆవిడకు కలిసిరాలేదు. సొంత ప్రాంతంలో స్థానిక సంస్థ ఛైర్మన్ పదవికి రెండుసార్లు పోటీ చేసి ఓడిపోయారు. 2013లో జాతీయ మహిళా అభివృద్ధి కేంద్రానికి అధిపతిగా వేశారు. ఆ సంగతి అంతే.

అసలు ఈ లేఖ రాయించిన సంగతి వేరే ఉంది. అది 2000 నాటిది.

1999 చివర, కొత్త సహస్రాబ్ది వేడుకల ప్రోగ్రాంలో పాడినందుకు ఎన్‌టీఏ ఆవిడకు 20 లక్షల నైరాలు ఇచ్చింది. నైరా అంటే అక్కడి రూపాయి అనుకోండి. ఆవిడ పాట 'ఇయోగోగో'ను మాత్రం అడగకుండా వాడుకుంది. ఆవిడ నిలదీశారు. మేమిచ్చిన డబ్బులో ఆ పాట కూడా కలిసే ఉందని టీవీవాళ్ళ వాదన. రాయల్టీ తేలలేదనే కదా ఆ వేడుకలో నేనది పాడలేదు అని ఆవిడ వాదన. నేను లెక్కల మనిషిని కాబట్టి చెబుతున్నాను, మొదట విన్నప్పుడు టీవీవాళ్ళ మాటే సబబుగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. వచ్చి పాడినందుకు ఇచ్చింది కూలి. పాటను వాడుకున్నందుకు ఇవ్వాల్సింది అద్దె. వంటమనిషికి కూలి ఇచ్చాం కదా అని ఆమె ఇంట్లో అద్దె లేకుండా కాపురం పెట్టం.

చివరికి ప్రభుత్వ టీవీలో, రేడియోలో ఆవిడ కనబడకూడదు, వినబడకూడదని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఏ సంస్థలో వార్తలు చదివి పేరు తెచ్చుకున్నారో ఆ సంస్థ గేటు ముందే ఆవిడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. అప్పటికి ఆవిడకు 48 ఏళ్ళు. సంగీత కళాకారుల సంఘం అధ్యక్షుడు చార్లీ బాయ్ వచ్చి అండగా నిలబడ్డారు. ఆరు రోజులు సాగింది. ఆరో రోజుకు సంస్థ దిగొచ్చింది. ఒప్పందం కుదిరి, రాయల్టీ కాంట్రాక్టు కాగితం మీదికి వచ్చింది.

దీక్ష అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మన రాష్ట్రాలే దీక్షల మీద వచ్చాయి. ఒక గాయని తన పాట కోసం ప్రభుత్వ టీవీ గుమ్మంలో పస్తు కూర్చుని గెలిచిందంటే, తెలుగు పాఠకుడికి 'కనెక్ట్ అవ్వదు' అని ఎలా అనగలిగారండీ?

మీ మౌనం వల్ల నష్టపోయేది ఒన్వెనుగారు కాదు. ఆవిడకు ఆవిడ దేశంలో ఘనంగానే వీడ్కోలు దొరికింది. నష్టం వేరేవాళ్ళకు. నాకు ఎదురైనవే చెబుతాను.

1. నా పాత సహోద్యోగి కూతురు ఫార్మసీ చదవడానికి హైదరాబాద్ వచ్చింది. గది కోసం నేనే వెంట తిరిగాను. టోలిచౌకి, బండ్లగూడ, ఆ తర్వాత మా వైపు, మొత్తం తొమ్మిది ఇళ్ళు. ఎనిమిదో ఇంట్లో పెద్దావిడ మాకు మంచినీళ్ళిచ్చింది, ఆ పిల్ల జడలు చూసి ముచ్చటపడింది. నన్ను పక్కకు పిలిచి, "పిల్ల బంగారంలా ఉంది బాబూ, కానీ రోజూ పేపర్లో చూస్తున్నాం కదా, మావారు ఒప్పుకోరు" అంది. ఆవిడ చూసిన పేపరు మీదే. తొమ్మిదో ఇల్లు దొరికింది, మామూలు అద్దెకు ఒకటిన్నర రెట్లకు.

2. హైదరాబాద్‌లో ఉండే ఆఫ్రికన్లలో సూడాన్ వాళ్ళున్నారు, సోమాలియా వాళ్ళున్నారు, టాంజానియా, ఐవరీ కోస్ట్, కాంగో వాళ్ళున్నారు. మన వీధుల్లో అందరూ 'నైజీరియన్లే'. కేరళలో ఇదే జబ్బు తిరగబడి ఉంటుంది. అక్కడ మలబారులో ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన ఆఫ్రికన్లందరూ 'సుడానీ'లే. వాళ్ళు ఆ పొరపాటు మీదే 2018లో 'సుడానీ ఫ్రం నైజీరియా' అని సినిమా తీసి, నైజీరియా నటుణ్ణే తెచ్చి పెట్టి, తమను చూసి తామే నవ్వుకున్నారు. మనకు ఇంకా నవ్వు రాలేదు.

3. లాగోస్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. ఇలుపేజులో ఇండియన్ స్కూల్ ఉంది, ఉగాదికి పచ్చడి ఉంటుంది. మన దగ్గర తయారైన మందులు అక్కడి షాపుల్లో ఉంటాయి. అక్కడి రోగులు ఆపరేషన్లకు మన ఆస్పత్రులకు వస్తారు. ఇంత రాకపోకలున్నా, మా ఆఫీసులో ఒక కుర్రాడికి 'నైజీరియా ఉద్యోగం' అన్న ఒక్క కారణంతో రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. వాళ్ళమ్మకు ఇప్పటికీ రాత్రి ఫోన్ మోగితే టెన్షనే.

4. ఇది అన్నిటికన్నా పెద్దది. మన పల్లెల్లో నాట్లేస్తూ పాడుకున్న పాట యూట్యూబ్‌కు ఎక్కుతుంది, అక్కణ్ణుంచి సినిమాకు పోతుంది, ఎవరిదో పేరు తగిలించుకుని మళ్ళీ పల్లెకు వస్తుంది. పాడిన ముసలమ్మకు శాలువా దొరుకుతుంది. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితలకు, స్వరకర్తలకు, గాయకులకు రాయల్టీ హక్కు రాశారు. మరుసటి ఏడాదే గాయకులు సొంత సంఘం పెట్టుకున్నారు. 2017లో అమెరికా టూర్‌లో ఉన్న బాలుగారికి ఇళయరాజాగారి నుంచి నోటీసు వెళ్ళినప్పుడు మీరు రోజుల తరబడి చర్చలు పెట్టారు. అందులో ఎవరు ఎవరిని నొప్పించారన్న మాటే ఎక్కువ, చట్టం ఏమంటుందన్నది తక్కువ. చిన్న గాయకుడికి ఆ చర్చ వల్ల ఒక్క పైసా దారి తెలియలేదు. ఒన్వెనుగారి ఆరు రోజుల కథ తెలిస్తే, కాగితం అడగాలని, సంఘం వెంట నిలబడాలని అయినా తెలిసేది.

నైజీరియన్లు డ్రగ్స్ కేసుల్లో దొరకలేదని నేను అనడం లేదు. దొరికితే రాయండి, వదలకండి. తప్పు చేసినవాడి పేరు రాయండి. దేశానికి శిక్ష వెయ్యకండి అంటున్నాను. దుబాయ్‌లోనో అమెరికాలోనో మనవాడు ఒకడు కేసులో ఇరుక్కుంటే, అక్కడి పేపరు 'తెలుగువాడు' అని హెడ్డింగు పెడితే మనకు ఎలా ఉంటుంది?

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

ఒకటి. నేరవార్తల్లో నిందితుడి దేశం హెడ్డింగులో వద్దు. అవసరమైతే వార్త లోపల ఒకసారి చాలు. స్క్రోలింగ్‌కూ ఇదే వర్తించాలి.

రెండు. ఏ దేశమో పోలీసులు పాస్‌పోర్టు చూసి చెప్పేదాకా 'నైజీరియన్' అని రాయొద్దు. వీసా గడువు దాటడం వేరు, మత్తుమందులు అమ్మడం వేరు. రెండింటినీ ఒకే ఫొటో కింద వెయ్యొద్దు.

మూడు. అరెస్టయినప్పుడు ఎంత చోటు ఇచ్చారో, కేసు కొట్టేస్తే అందులో సగమైనా ఇవ్వండి.

నాలుగు. నెలకు ఒక్కసారి సినిమా పేజీలో పావు పేజీ ఆఫ్రికాకు వదలండి. లాగోస్‌లో, అక్రాలో, డకార్‌లో ఏ పాట నడుస్తోంది, ఏ సినిమా ఆడుతోంది అన్నది. హాలీవుడ్ నటి కుక్కపిల్ల ఫొటోకు ఇచ్చే చోటు చాలు.

ఐదు. ఆ పావు పేజీ ఒన్యెకా ఒన్వెనుతో మొదలుపెట్టండి. జూలై 30కే వెయ్యాలని పట్టు లేదు, ఏ ఆదివారమైనా సరే.

సినిమావాళ్ళకు విడిగా ఒక మాట. విలన్ డెన్‌లో వెనక నిలబెట్టడానికి తప్ప నల్లజాతి మనిషి మీకు గుర్తురాడు. అతనికి ఒక పేరైనా పెట్టండి. ఒక డైలాగైనా రాయండి.

నా వ్యాసం సిద్ధంగా ఉంది. 800 పదాలు, కావాలంటే 500కు తగ్గిస్తాను. తేదీలన్నీ సరిచూశాను. పేర్లు ఎలా పలకాలో పక్కన రాసిపెట్టాను. పారితోషికం అక్కర్లేదు అని రాయబోయి ఆగాను. ఆవిడ గురించి రాస్తూ ఆ మాట రాయకూడదు. మీ పత్రికలో బయటి రచయితకు ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి.

ఇట్లు,
లాగోస్‌లో పదకొండేళ్ళు ఉండి వచ్చిన ఒక పాఠకుడు,
హైదరాబాద్.